పడమర హద్దు

"హద్దులు కలవలేదంట," అన్నాడు మా ఆయన.

ఆదివారం పొద్దున పెరట్లో పీట వేసుకుని రొయ్యలు వలుస్తున్నాను. తల తుంచి, పొట్టు ఒలిచి, వీపు మీద నల్ల నరం లాగి గిన్నెలో వెయ్యాలి. ఒక్క రొయ్యలో నరం మిగిలినా ఆయన కంచం పక్కకి జరుపుతాడు. అత్తయ్యగారు "ఉద్యోగాలు చేసే ఆడాళ్ళకి ఇలాంటి పన్లేం పడతాయిలే" అంటారు. అందుకని తలెత్తకుండానే "ఏ హద్దులండీ?" అన్నాను.

"బందరు నుంచి బ్యాంకు లాయరు ఫోన్ చేశాడు. ఖైరున్ బీ దస్తావేజులో పడమర హద్దు 'కనకమహాలక్ష్మి గారి ఇల్లు' అని ఉందంట. మన దస్తావేజులో చూస్తే నా పేరు. ఇంతకీ ఆ ఇల్లు ఎవరిదండీ అని అడుగుతున్నాడు. నన్ను! నువ్వే కావాలని రాసుకున్నావా?"

చేతిలో రొయ్య జారి నీళ్ళలో పడింది. నేను రాసుకోలేదు.  ఏ కాగితం మీదో, ఎవరో, ఈ ఇంటిని నా పేరుతో చెప్పారన్న మాట దగ్గరే ఆగిపోయాను.

ఖైరున్ బీ మా తూర్పు పక్కింటావిడ. నేను పిన్నీ అంటాను. భర్త అబ్దుల్ ఖాదర్ గారు పోయాక ఒక్కతే ఉంటోంది. ఇప్పుడు బందరులో కొడుకు సమీర్ దగ్గరికి వెళ్ళిపోతూ రెండున్నర సెంట్ల స్థలం మాకే అమ్ముతానంది. దాన్ని కొని, మా ఇంటితో కలిపి బ్యాంకులో తనఖా పెట్టి, అద్దెకి గదులు వెయ్యాలని మా ఆయన ఆలోచన. రెండు స్థలాలు తాకట్టు పెట్టుకుంటున్నప్పుడు బ్యాంకువాళ్ళు ఇద్దరి కాగితాలూ లాయరుకి పంపుతారు. వీళ్ళ తూర్పు హద్దులో వాళ్ళ పేరు, వాళ్ళ పడమర హద్దులో వీళ్ళ పేరు ఉండాలి. తేడా వస్తే అప్పు ఆగిపోతుంది.

ఇదంతా నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అవనిగడ్డ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా వీరాంజనేయులు గారి దస్తావేజుల కొట్టులో పదమూడేళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చునేది నేనే. లింకు డాక్యుమెంట్లు వరసగా పేర్చేది నేను, ఈసీ తీసి ఆస్తి మీద పాత అప్పులూ అమ్మకాలూ చూసేది నేను, హద్దులు తప్పుంటే పట్టుకునేది నేను. చివర 'దస్తావేజు తయారు చేసినవారు' అన్నచోట ఉండేది మాత్రం ఆయన పేరు. వచ్చినవాళ్ళు నన్ను చూసి "రైటరు గారు లేరా అమ్మా?" అంటారు. లేరంటే "సర్లే, వచ్చేదాకా కూర్చుంటాం, కాస్త టీ చెప్పు" అంటారు. ఆయన మంచివారే. నెల నెలా జీతం బ్యాంకులో వేస్తారు, తన ఆడిటరు చేతనే నా రిటర్ను కూడా వేయిస్తారు. అయినా నా పేరు ఆ కాగితం చివరికి ఎందుకు రాదని ఆయనకి ఎప్పుడూ అనిపించలేదు. ఇన్నేళ్ళూ నేనూ అడగలేదు.

మా ఇంటి దస్తావేజు కొట్టింది కూడా నేనే. ఎనిమిదేళ్ళ కిందటి మాట. నా జీతంతో కట్టిన చీటీ పాడుకుని, మా అమ్మ ఇచ్చిన నానుతాడు అమ్మి ఆ స్థలం కొన్నాం. కొనుగోలుదారు పేరు దగ్గర చెయ్యి ఆగితే, వీరాంజనేయులు గారు కళ్ళజోడు మీంచి చూసి "ఏమ్మాయ్, ఇద్దరి పేర్లూ పెట్టమంటావా?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా గుడివాడ నుంచి ముహూర్తానికని దిగిన అత్తయ్యగారు అందుకున్నారు. "ఆడపేరు ఎందుకులెండి. రేపొద్దున వాళ్ళ అన్నదమ్ములొచ్చి మాకూ వాటా ఉందని కూర్చుంటారు." నేను మా ఆయన వంక చూశాను. ఆయన నవ్వాడు. అప్పట్లో బాగా నవ్వేవాడు. "నా పేరైతే ఏంటి, నీ పేరైతే ఏంటి కనకం? మనిద్దరిలో తేడా ఉందా?" అన్నాడు. తేడా లేదనే నేనూ అనుకున్నాను. నా చేత్తోనే 'వాసుదేవరావు' అని కొట్టాను. ఆ రోజు కొట్టులో అందరికీ లడ్డూలు కూడా పంచాను.

తేడా ఉందని ఎప్పుడు తెలిసిందంటే, ఇల్లు పూర్తయి గృహప్రవేశమైన ఆరు నెలలకి. ఆ రోజు రిజిస్ట్రారు ఆఫీసులో సర్వరు పనిచెయ్యలేదు. మంచి రోజని పదిహేను దస్తావేజులు వరసలో ఉన్నాయి. అన్నీ అయ్యేసరికి ఏడున్నర. కూరగాయల సంచీతో వచ్చేసరికి ఆయన గుమ్మానికి అడ్డంగా నుంచుని ఉన్నాడు. "ఇది నా ఇల్లు. టైముకి రాగలిగితే రా. లేదా ఆ ఆఫీసులోనే పక్కేసుకో" అని గడియ పెట్టేశాడు. లోపల మా పాప తనూజ ఏడుపు వినిపిస్తోంది. సంచీలో వంకాయలు, పాల ప్యాకెట్లు. వీధిలో వాళ్ళు చూసీ చూడనట్టు వెళ్ళిపోతున్నారు. ఖైరున్ పిన్ని ఏమీ అడక్కుండా తన అరుగు మీద కుర్చీ వేసింది. ముప్పావుగంట ఆ కుర్చీలో కూర్చుని నా ఇంటి తలుపు వంక చూశాను. ఆ గుమ్మానికి రంగు నేనే వేశాను. ఆ గోడలకి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి నీళ్ళు కొట్టింది నేను. శ్లాబు వేశాక ఇరవై ఒక్క రోజులు మడులు కట్టి తడిపింది నేను. మేస్త్రీలకి రెండు పూటలా టీ కాచి, ఇసుక లారీ వస్తే లెక్క చూసుకుని, మళ్ళీ తొమ్మిదిన్నరకల్లా కొట్టులో ఉండేదాన్ని. ఆయన చల్లపల్లిలో తన సెల్ ఫోన్ల కొట్టు చూసుకుని, వారానికోసారి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని "గోడ కొంచెం వంకరగా లేదూ?" అనేవాడు.

చివరికి ఆ తలుపు తెరుచుకుంది. నేను వెళ్ళి అన్నం వండాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండేది అదే. వండాను. వడ్డించాను. పెరుగు తోడుకుందో లేదో కూడా చూశాను.

"మాట్లాడవేం?" అన్నాడు మా ఆయన, రొయ్యల ముందు కూర్చున్న నా నెత్తి మీద నుంచునే.

"నేను రాయలేదండీ. ఖాదర్ గారు పోయాక పిన్ని స్థలం తన పేరున మార్చుకుంటూ మా కొట్టులో ఆ దస్తావేజు రాయించుకున్న వారం నేను నాగాయలంకలో ఉన్నాను. మా నాన్న పెద్దఖర్మకి."

"ఎవరు రాసినా రేపు సరిచేయించాలి. ఖైరున్ బీని తీసుకొస్తాను. సవరణ కాగితం నువ్వే కొట్టెయ్, ఖర్చు లేకుండా పోతుంది. అలాగే నీ జీతం సర్టిఫికెట్టు, మూడేళ్ళ రిటర్నులు పట్టుకురా. బ్యాంకువాడు నీ పేరు మీదే అప్పు ఇస్తానన్నాడు."

"నా పేరు మీదా?"

"నా సిబిల్ బాలేదు కదే. ఆ బండి వాయిదాలు రెండు మూడు తప్పినందుకు నన్నేదో దొంగలా చూస్తున్నారు. అప్పు నీ పేరున ఉంటుంది, స్థలం నా పేరున ఉంటుంది. ఆడవాళ్ళకి వడ్డీ కూడా కాస్త తక్కువంట. మంచిదేగా?"

మంచిదేగా అన్నప్పుడు ఆయన మొహంలో కల్మషం లేదు. అదే నన్ను కాల్చేసింది. మోసం చేసేవాడైతే మొహం దాచుకుంటాడు. ఈయనకి ఇది మోసమనే తెలీదు. అప్పుకైతే నా పేరు మంచిది. వాయిదా కట్టడానికి నా పేరు మంచిది. ఇరవై ఏళ్ళు నా జీతంలోంచి కోసుకోవడానికి మంచిది. హద్దులో కనిపిస్తే మాత్రం అది పొరపాటు. లోపల్నుంచి అత్తయ్యగారు "రొయ్యలు అయ్యాయా అమ్మాయ్, పన్నెండవుతోంది" అని కేకేశారు. "అయ్యాయండీ" అన్నాను. మిగిలినవాటిలో ఒక్క రొయ్యకీ నరం తియ్యలేదు. ఆయన కంచం జరిపితే నేను చూడలేదు.

మధ్యాహ్నం గిన్నెలు తోముకున్నాక గోడ దగ్గరికి వెళ్ళి ఖైరున్ పిన్నిని పిలిచాను. ఆవిడ సామాను సర్దుకుంటోంది.

"పిన్నీ, మీ కాగితంలో మా ఇల్లు నా పేరున చెప్పారంట?"

"చెప్పాను. మీ రైటరు గారు అడిగారు, తూర్పున ఎవరు, దక్షిణాన ఎవరు అని. పడమర ఎవరంటే కనకమహాలక్ష్మి ఇల్లు అన్నాను. తప్పా?"

"కాగితంలో ఆయన పేరుంది పిన్నీ."

"కాగితం నాకు చదవడం రాదమ్మాయ్. నేను చూసింది చెప్పాను." అట్టపెట్టె మీద తాడు బిగిస్తూ నా వంక చూసింది. "ఇటుకలు దించుకున్నది నువ్వు. నీళ్ళు కొట్టింది నువ్వు. మా ఆయన కూడా కనకం వాళ్ళ ఇంటి పక్కన అనేవాడు ఎవరికైనా గుర్తు చెప్తే. ఆ రోజు నిన్ను బయట పెట్టి తలుపేసినప్పుడు కూడా నేనదే అనుకున్నాను, ఎవరింట్లోంచి ఎవర్ని గెంటాడు వీడు అని."

అది జరిగి ఇన్నేళ్ళయింది. దాని గురించి ఆవిడ నోరు తెరవడం అదే మొదటిసారి.  

సోమవారం కొట్టు తెరవగానే, వీరాంజనేయులు గారు రాకముందే, బందరు లాయరు గారికి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో నాకే సరిగా తెలీదు. ఊరికే అడుగుదామనుకున్నాను.

"రెండు దస్తావేజులూ కలవాలంటే ఖైరున్ బీ గారిదే సవరించాలాండీ? ఇల్లే కనకమహాలక్ష్మి పేరుకి మారితే?"

"అప్పుడిక సవరణ ఎందుకమ్మా? భర్త ఇల్లు భార్యకి ఇచ్చేస్తూ సెటిల్మెంటు రాసిస్తే హద్దు దానంతట అదే కలుస్తుంది. బ్యాంకుకీ సులువు. అప్పు తీసుకునే మనిషి, ఆస్తి ఉన్న మనిషి ఒకరే అవుతారు. ఈ సంగతి ఆయన అడగలేదే?"

"అడగరండీ."

"మీరెవరమ్మా?"

"దస్తావేజులు రాసేదాన్నండీ," అన్నాను. అలా చెప్పుకోవడం అదే మొదలు.

పదకొండింటికి అందరూ వచ్చారు. ఖైరున్ పిన్ని బల్ల మీద కూర్చుంది. మా ఆయన కుర్చీ లాక్కుని సెల్ ఫోన్లో మునిగిపోయాడు. వీరాంజనేయులు గారికి కొంచెం సిగ్గుగా ఉంది, నేను లేని వారం పిన్ని దస్తావేజు రెండు వేళ్ళతో కొట్టింది ఆయనే మరి. "అమ్మాయ్, చిన్న సవరణే. నాలుగు లైన్లు. పొరపాటున పడిందని రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించు," అని పక్కనున్న పార్టీతో మాటల్లో పడ్డారు.

కొట్టడం మొదలుపెట్టాను. 'సదరు దస్తావేజు షెడ్యూలులో పడమర హద్దు వద్ద పొరపాటున కనకమహాలక్ష్మి అని పడినది. దానిని వాసుదేవరావు అని చదువుకొనవలెను.'

అక్కడ చెయ్యి ఆగింది. పొరపాటున కనకమహాలక్ష్మి అని పడినది. ఎన్ని పొరపాట్లు సరిచేశాను ఈ కుర్చీలో కూర్చుని! తండ్రి పేరులో దీర్ఘం, సర్వే నంబరులో ఒక అంకె. ఆడపిల్లల చేత ఎన్ని హక్కు విడుదలలు రాయించాను! అన్నదమ్ములు బ్యాంకు అప్పుకి వెళ్తారు, అక్కచెల్లెళ్ళ సంతకాలు తెమ్మంటాడు లాయరు. వాళ్ళని కారులో తీసుకొచ్చి, దారిలో ఒక చీర కొనిచ్చి, ఇదిగో ఇదే బల్ల మీద కూర్చోబెడతారు. నేను చదివి వినిపిస్తాను. 'ఈ రోజు నుంచి సదరు ఆస్తిపై నాకు గానీ, నా వారసులకు గానీ ఎటువంటి హక్కూ లేదు.' వాళ్ళు తల వంచుకుని వింటారు. ఒకావిడ మాత్రం "ఇంకోసారి చదవమ్మా" అంది. చదివాను. "సరే" అని వేలు ఇంకులో ముంచింది. ఆ పూట ఆవిడతో నేనేమీ అనలేదు. అనాల్సిన మాటలన్నీ నా దగ్గరుండీ అనలేదు. అందరి ఆస్తులకీ కాపలా కాసి, నా చేతులతో నన్నే కొట్టేసుకోవడానికి కూర్చున్నాను ఇప్పుడు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. నాది మరీ ఘోరం, నా సొమ్ము నేనే టైపు కొట్టి ఇచ్చాను.

కొట్టిన నాలుగు లైన్లూ చెరిపేశాను. కొత్త కాగితం తెరిచాను.

పది నిమిషాలు పట్టింది. ఇలాంటివి కళ్ళు మూసుకుని కొట్టగలను. షెడ్యూలు దగ్గర మా ఇంటి సర్వే నంబరు చూసుకోనవసరం లేకపోయింది, అది నాకు నోటికి వచ్చు. చివర 'తయారు చేసినవారు' దగ్గర ఎప్పుడూ తనంతట తానే పడే పేరు పడింది. దాన్ని చెరిపి నా పేరు కొట్టాను. ప్రింటు తీశాను. కాగితం వేడిగా ఉంది.

"అయిందా?" అన్నాడు మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా. "చదివి వినిపించి కానివ్వు, బ్యాంకు మూడింటికల్లా రమ్మంది."

నుంచుని చదివాను. "కృష్ణా జిల్లా, అవనిగడ్డలో నివాసం ఉంటున్న వాసుదేవరావు అను నేను, నా భార్య కనకమహాలక్ష్మికి, ఆమె నాయందు చూపిన ఆదరాభిమానాలకు గాను, నా పేర ఉన్న ఇంటిని స్థలముతో సహా సర్వహక్కులతో ఆమెకు దఖలు పరుస్తూ, నా సమ్మతిన రాయించి ఇచ్చిన సెటిల్మెంటు దస్తావేజు."

ఫోన్ ఆయన ఒళ్ళో పడింది. "ఏం చదువుతున్నావ్?"

"హద్దులు కలవాలన్నారుగా. కలిపాను. లాయరు గారిని అడిగాను, ఇలా అయితే సవరణే అక్కర్లేదన్నారు. బ్యాంకుకి ఇదే సులువంట."

"మతిపోయిందా నీకు? ఎవరిల్లు ఎవరికి రాస్తున్నావే?"

 పక్క పార్టీవాళ్ళు మా వంకే చూస్తున్నారు. నా గొంతు మాత్రం తగ్గలేదు. పదమూడేళ్ళు చదివి వినిపించిన గొంతు కదా.

"నా పేరైతే ఏంటి, మీ పేరైతే ఏంటండీ? మనిద్దరిలో తేడా ఉందా?"

ఆయన వీరాంజనేయులు గారి వంక తిరిగాడు. "చూడండి మాస్టారూ, మీరైనా చెప్పండి దీనికి."

వీరాంజనేయులు గారు నా చేతిలో కాగితం తీసుకుని మొదట్నుంచీ చదివారు. చివరికొచ్చేసరికి కళ్ళజోడు సర్దుకున్నారు. తన పేరు ఉండాల్సిన చోట నా పేరు చూశారు. తర్వాత కాగితం మళ్ళీ నా చేతికే ఇచ్చారు.

"తప్పులేం లేవు," అన్నారు.

"నేను సంతకం పెట్టను," అని లేచాడు మా ఆయన.

"పెట్టకండి. బ్యాంకులో నేనూ పెట్టను. నా రిటర్నులు, జీతం సర్టిఫికెట్టు బ్యాగులోనే ఉన్నాయి, అక్కడే ఉంటాయి."

"అయితే ముందా సవరణ కొట్టు. ఈ ముసలావిడ వేలిముద్ర వేస్తే ఈ గొడవే ఉండదు."

బల్ల మీదున్న ఖైరున్ పిన్ని రెండు చేతులూ చీర కొంగులో చుట్టుకుంది. "నేను వెయ్యను వాసూ. స్థలం ఎవరైనా కొనుక్కుంటారు. నేను చూసిందే చెప్పాను, పొరపాటు పడలేదు. రేపు కొన్నవాళ్ళ కాగితంలో కూడా పడమర కనకమహాలక్ష్మి ఇల్లనే రాయిస్తాను."

ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. ఎండలో రిజిస్ట్రారు ఆఫీసు ముందు జనం. వాళ్ళలో ఆయనకి తెలిసినవాళ్ళు ముగ్గురో నలుగురో ఉన్నారు. వెళ్ళిపోతే అప్పు లేదు, స్థలం లేదు, గదులు లేవు. ఉంటే నా ముందు కూర్చోవాలి. ఒకప్పుడు నేను అరుగు మీద కుర్చీలో కూర్చుని తలుపు వంక చూశానే, అలా చూస్తున్నాడు బయటికి. నాకు జాలెయ్యలేదు. కుర్చీ ఆయన వైపు జరిపాను.

ఆయన కూర్చున్నాడో, వెళ్ళిపోయాడో నేను చూడలేదు. మొదలుపెట్టిన దస్తావేజు సగంలో ఆపకూడదని మా కొట్టులో పద్ధతి. ఆపిన చోట వేలు పెట్టి, వీధిలోకి కూడా వినపడేలా మళ్ళీ చదివాను.

"ఈ రోజు నుంచి సదరు ఇంటిపై, వాసుదేవరావు అను నాకు గానీ, నా తరఫు వారికి గానీ, ఎటువంటి హక్కూ లేదు."